ఖోకా మీద గీత

శనివారం మధ్యాహ్నం హన్మాండ్లు మెట్లెక్కి వచ్చినప్పుడు అతని కాళ్ళకు రెండు రకాల చెప్పులున్నాయి. ఒకటి తనది, రెండోది క్యాంపులో ఇంకెవరిదో. పోశన్న ముందుగా చూసింది వాటినే. తర్వాత మొహం చూసి, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

అది 1979. దోహాలో ఎటు చూసినా క్రేన్లు, సిమెంటు లారీలు. ఇవాళ ఇసుక తప్ప ఏమీ లేని చోట నెల తిరిగేసరికి రోడ్డు పడే రోజులు. అల్ మన్సూరాలో ఒక దర్జీ దుకాణం పైన బుర్హానుద్దీన్ గది. బయట బోర్డు మీద బీమా విచారణలని రాసి ఉండేది గానీ, మనవాళ్ళలో ఎవరు చిక్కులో పడ్డా ఆ మెట్లే ఎక్కేవారు. ఆయనది జగిత్యాల. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం ఇప్పుడు కొడుకు జేబులో ఉంటుంది. పోశన్న బుర్హానుద్దీన్ కారు నడిపేవాడు, చెప్పిన చోటుకల్లా పరుగెత్తేవాడు, ఆయన ఆలోచిస్తున్నంతసేపూ నోరు మూసుకుని కూర్చునేవాడు. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం. అయినా నలుగురి ముందు ఆయన ‘మా అసిస్టెంట్’ అన్నప్పుడల్లా పోశన్న ఛాతీ కాస్త వెడల్పయ్యేది.

హన్మాండ్లు పోశన్న భార్య గంగామణికి సొంత తమ్ముడు. పోశన్నే వెంట తీసుకొచ్చి ఒక కంపెనీ వాళ్ళ షూటింగ్ క్లబ్బులో పనికి పెట్టించాడు. బయలుదేరే రోజున గంగామణి తమ్ముడి చేతిని మొగుడి చేతిలో పెట్టి, దుబాయ్‌ల వీనికేమన్నయితే నువ్వు మళ్ళ ఈ గడప తొక్కకు అంది. గల్ఫ్‌లో ఏ ఊరైనా ఆమెకు దుబాయే. నవ్వుతూనే అంది. ఆమె నవ్వుతూ అన్న మాటలే పోశన్నకు ఎక్కువ భయం.

“బావా, నన్ను జైల్ల ఏస్తరట,” అన్నాడు హన్మాండ్లు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

నీళ్ళు తాగించి, భుజం పట్టి కూర్చోబెట్టాక సంగతి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. నిన్న శుక్రవారం క్లబ్బులో సాధన జరిగింది. నిసార్ అహ్మద్ అక్కడ అందరికంటే గురి ఉన్నవాడు. అతను రైఫిల్ పేల్చగానే తూటా వెనకవైపు చిట్లి, మంట లాంటి గాలీ ఇత్తడి తునకలూ మొహాన కొట్టాయి. రెండు కళ్ళకూ కట్లు కట్టారు. ఎడమ కన్ను దక్కుతుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. కొత్త తూటాలు ఓడలో రావడానికి నెలలు పడుతుందని ఆ క్లబ్బులో పేలిన ఖోకాలనే, అంటే ఖాళీ ఇత్తడి గొట్టాలనే, మళ్ళీ ప్రెస్సులో కొలతకు నొక్కి, మందు నింపి వాడతారు. ఆ పని చేసేది హన్మాండ్లు ఒక్కడే. ఇంకెవరూ ఆ ప్రెస్సు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మర్నాడే ఇంటికి పంపిస్తానని కఫీల్, అంటే వీళ్ళందరినీ తన పూచీ మీద రప్పించుకున్న అరబ్బు యజమాని, ఖరాఖండిగా చెప్పి ఉన్నాడు. కాబట్టి తూటా చిట్లిందంటే తప్పు హన్మాండ్లుదే. రేపు పొద్దున పోలీసులకు అప్పగిస్తారు.

అంతటితో అయితే పొరపాటు అనుకునేవారు. మంగళవారం నిసార్ అహ్మద్‌కూ హన్మాండ్లుకూ మాటామాటా పెరిగింది. తూటా పెట్టాక రైఫిల్ వెనక గడియ, అంటే బోల్టు, మూసుకోవడం లేదని అతను నలుగురిలో తిట్టాడు. ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గూట్లో, దుమ్ము ఉందేమో, తుడిచి చూడమని హన్మాండ్లు అన్నాడు. నువ్వా నాకు చెప్పేదని అతను చేతిలోని తూటాల డబ్బా విసిరికొట్టాడు.

“అప్పుడు నువ్వేమన్నవు?” బుర్హానుద్దీన్ అడిగాడు.

హన్మాండ్లు తల దించుకున్నాడు. “ఒకనాడు ఆ తుపాకే నీకు బుద్ధి చెప్తది అన్న సాబ్. అందరు విన్నరు.”

బావమరిది కోపం పోశన్నకు తెలుసు. చిన్నప్పుడు పంతులు కొడితే పంతుల్నేమీ అనలేక తన పలక తనే పగలగొట్టుకున్న రకం. నిజంగానే చేశాడా అన్న అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినందుకు సిగ్గు వేసింది. సిగ్గు వేసినా అనుమానం పోలేదు.

“కావాలని చేసినవా?” అని బుర్హానుద్దీన్ అడిగాడు.

“లేదు సాబ్. కని నా చెయ్యే తప్పిందేమో. ఎంత యాది చేసుకున్నా సమజైతలేదు.”

బుర్హానుద్దీన్ అతని చెప్పుల వంక ఒకసారి చూసి, “పోశన్నా, కారు తియ్యి,” అన్నాడు.

ముందు ఆసుపత్రికి వెళ్ళారు. నిసార్ అహ్మద్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముక్కు పైనుంచి నుదుటి దాకా గుడ్డే. తలాపున అతని భార్య మెహర్ సుల్తానా స్టూలు మీద కూర్చుని, కట్టుకు తగలకుండా నడినెత్తిన నూనె రాస్తోంది. మదీనత్ ఖలీఫాలో వాళ్ళ ఇల్లు. నిన్నటి నుంచి ఆమె ఆ ఇంటికి పోలేదు. తలనొప్పికి ఆయనకు ఈ నూనె తప్ప ఏ మందూ పనిచేయదని, రైఫిల్ సంచిలో కూడా ఒక సీసా ఉంటుందని చెప్పింది. ఏవో ఆకులు వేసి కాచిన నూనె. దాంట్లో కాస్త మాడు వాసన కూడా ఉంది. వాసనకు పోశన్నకు ఇల్లు గుర్తొచ్చి, గడప తొక్కకన్న గంగామణి మాట గుర్తొచ్చింది.

నిసార్ అహ్మద్ ముక్తసరిగా మాట్లాడాడు. మంగళవారం హన్మాండ్లు ఇచ్చిన తూటాలే కాల్చానన్నాడు. అంతకుమించి తనకేమీ తెలియదన్నాడు.

“బుధవారం క్లబ్బుకు పోయిండ్రా?” బుర్హానుద్దీన్ అడిగాడు.

“బుధవారం తూజ్ లేసె గద. ఎదురుంగ మనిషి కనిపించలే. యాడికి పోత?”

తూజ్ అంటే దుమ్ము తుఫాను. ఆ మాట నిజమే, బుధవారమంతా ఊరు ఇసుకలో మునిగిపోయింది. అయితే మెహర్ సుల్తానా చెయ్యి అతని నెత్తి మీద ఒక్క క్షణం ఆగింది. అలసిపోయిందేమో అనుకున్నాడు పోశన్న.

క్లబ్బు ఊరికి దూరంగా, ఎడారి అంచున రేకుల షెడ్డు. సెక్రెటరీ ముజఫ్ఫర్ అలీ ఎదురొచ్చాడు. తలకు తళతళలాడే క్రీము, మెడకు టై, మాటకు ముందు చేతిరుమాలు. అతని వెనకే జియావుద్దీన్. గురిలో నిసార్ తర్వాతివాడు, త్వరలో జరగబోయే గురి పోటీకి ఇప్పుడు అతని బదులు వెళ్ళబోతున్నవాడు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ లోటు మీసంలో తీర్చుకున్నాడు. హన్మాండ్లు బెదిరింపు తాను కూడా విన్నానని అడక్కుండానే చెప్పాడు. ఇతనికి నిసార్ పడిపోవడం లాభమే గదా అని పోశన్నకు తోచి, కాస్త ఊపిరాడింది.

చిట్లిన ఖోకా, నిసార్ పెట్టెలో మిగిలిన తూటాలు ఒక డబ్బాలో ఉన్నాయి. బుర్హానుద్దీన్ భూతద్దం కంటికి బిగించి చాలాసేపు చూశాడు. తర్వాత హన్మాండ్లును ప్రెస్సు దగ్గరికి పిలిచి, రోజూ చేసినట్టే చేసి చూపించమన్నాడు. హన్మాండ్లు ప్రెస్సు పిడి పట్టుకుని పని మొదలుపెట్టాడు.

డై అంటే లోపల తూటా ఆకారంలో తొలిచిన ఉక్కు దిమ్మె. పేలినప్పుడు ఖోకా ఉబ్బుతుంది. దానికి కొంచెం జిడ్డు రాసి, ప్రెస్సుతో డైలోకి దూర్చి లాగితే మళ్ళీ పాత కొలతకు వస్తుంది. జిడ్డు లేకపోతే లోపలే ఇరుక్కుపోతుంది. జిడ్డు ఎక్కువైతే మెడ కిందుండే వాలు మీద, భుజమంటారు దాన్ని, సొట్టలు పడతాయి. డైని ఎంత కిందికి దింపి బిగించాలన్నది రైఫిల్‌ను బట్టి ఉంటుంది. అందుకోసం హన్మాండ్లు ఒక్కో రైఫిల్‌కు ఒక్కో పాలడబ్బా రేకు ముక్క కత్తిరించి మేకుకు తగిలించుకున్నాడు. ఆ ముక్కను సందులో పెట్టి డై బిగిస్తే వెంట్రుకవాసి తేడా రాదు.

“ఇగో చూడండి,” ముజఫ్ఫర్ అలీ చిట్లిన ఖోకా ఎత్తి చూపించాడు. “దీని మీద నిలువునా గీత ఉంది. డైలో లోపముంది. అది వీడికి తెలుసు, గురువారం వాడే డై విప్పాడు. తెలిసీ నోరెత్తలేదు.”

బుర్హానుద్దీన్ హన్మాండ్లు వైపు తిరిగాడు. గురువారం పొద్దున ఒక ఖోకా నొక్కగానే గీత పడిందని, డైలో ఇసుక రేణువు చేరి గీరుకుపోయిందని గుర్తుపట్టి, వెంటనే విప్పి కిరోసిన్‌లో కడిగి సానపెట్టానని అతను చెప్పాడు. మంగళవారం ఏ గీతా లేదు. బుధవారం తూజ్‌కు క్యాంపు బస్సే రాలేదు, రోజంతా క్యాంపులోనే ఉన్నాడు, గదిలోవాళ్ళందరూ చూశారు. ప్రెస్సు మీద ఎప్పటిలాగే గుడ్డ కప్పి వెళ్ళాడు. గురువారం వచ్చేసరికి గుడ్డ కింద పడి ఉంది. గాలికి పడిందనుకున్నాడు.

“విప్పినప్పుడు డై ఎంత దిగి ఉండెనో చూసినవా?”

“చూడలే సాబ్.” హన్మాండ్లు మేకుకున్న రేకు ముక్క చూపించాడు. “విప్పి కడిగి, మళ్ళ రేకు పెట్టి బిగించిన. ముందుగాల ఎట్లుండెనో చూస్తే అయిపోతుండె. అదే నా పాణం తింటున్నది.”

బుర్హానుద్దీన్ హన్మాండ్లు నొక్కిన ఖోకానూ, పెట్టెలో మిగిలిన తూటానూ అద్దం పలక మీద పక్కపక్కన నిలబెట్టాడు. తూటా భుజం రేకు మందంపాటి కిందికి ఉంది. భుజం మీద చిన్న చిన్న సొట్టలు. నిలువునా గీత. డబ్బాలో ఉన్నవన్నీ అంతే.

“జిడ్డు ఏది రాస్తవు?”

హన్మాండ్లు చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. గొర్రె ఉన్నిలోంచి తీసే కొవ్వు అది. పోశన్నకు ఆ డబ్బా బాగా తెలుసు. క్యాంపులో కాళ్ళు పగిలినవాళ్ళంతా దాని మీద పడుతుంటే, హన్మాండ్లు దాన్ని ఎక్కడా వదలకుండా వెంటే మోసేవాడు. పిసినారి అని పోశన్నే ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో.

“బుధవారం ఇది ఎక్కడున్నది?”

“నా దగ్గరనే. జేబుల.”

బుర్హానుద్దీన్ దూది పింజతో మిగిలిన తూటాల అడుగున చుట్టూ ఉండే గాడిని తుడిచి వాసన చూశాడు. పోశన్న ముక్కు దగ్గరా పెట్టాడు. కిరోసిన్, మందుగుండు వాసనలతో నిండిన ఆ షెడ్డులో అదేమిటో పోశన్నకు పట్టుబడలేదు. ఎక్కడో తగిలిన వాసనే అనిపించింది. బుర్హానుద్దీన్ దూదిని అగ్గిపెట్టెలో పెట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత షెడ్డు తాళంచెవులు ఎన్నని అడిగాడు. రెండు, ఒకటి హన్మాండ్లు దగ్గర, ఒకటి తన దగ్గర అన్నాడు ముజఫ్ఫర్ అలీ. బుధవారం ఎవరికైనా ఇచ్చారా అంటే లేదని, చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. షెడ్డులో అంత ఉక్కపోత ఏమీ లేదు.

వెళ్ళేముందు బుర్హానుద్దీన్ నిసార్ అల్మారా తెరిపించాడు. అడుగున కాగితం చుట్టిన తూటాల డబ్బా ఒకటి దొరికింది. మంగళవారం గొడవ తర్వాత, విసిరేసిన దాని బదులు తాను ఇచ్చిన డబ్బా అదేనని హన్మాండ్లు గుర్తుపట్టాడు. దాని ముడి కూడా ఎవరూ విప్పలేదు. అంటే నిసార్ కాల్చినవి అవి కావు.

కారులో పోశన్న ఉండబట్టలేకపోయాడు. “సాబ్, మావోడు చేసిండా?”

“గీత తూటాను చింపదు పోశన్నా. గీత దినం చెప్తది, అంతే,” అన్నాడాయన. కారు మళ్ళీ ఆసుపత్రికే తిప్పమన్నాడు.

సాయంత్రం నిసార్ అహ్మద్ మంచం చుట్టూ అందరూ చేరారు. ముజఫ్ఫర్ అలీ, జియావుద్దీన్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. హన్మాండ్లు తలుపు దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. మెహర్ సుల్తానా స్టూలు మీదే ఉంది.

“నేను ఒక్కొక్క మచ్చ గురించే చెప్త,” బుర్హానుద్దీన్ నెమ్మదిగా మొదలుపెట్టాడు. “గీత మంగళవారం లేదు. గురువారం పొద్దున మొదటి ఖోకాకే ఉన్నది, ఆ వెంటనే సానతోటి పోయింది. అంటే ఈ తూటాల ఖోకాలు నడుమల నొక్కినయి. బుధవారం, తూజ్ లేసిన దినం. జిడ్డు ఖోకాకు ఇసుక అంటి డై లోపటికి పోయింది. ఆ దినం హన్మాండ్లు క్యాంపుల ఉన్నడు.”

“గురువారం పొద్దున విప్పేముందే హన్మాండ్లే నొక్కి ఉండొచ్చు,” అన్నాడు జియావుద్దీన్.

“ఉండొచ్చు. అందుకే రెండో మచ్చ. భుజం కిందికి పోయింది. డైని కావల్సినదానికంటే దింపిండ్రు. అట్ల చేస్తే బోల్టు సులువుగ మూసుకుంటది, కని తూటా ఛాంబర్‌ల వదులైతది. పేలినప్పుడు ఇత్తడి సాగి అడుగున తెగుతది. కన్ను పోగొట్టాలని చేసిన పని కాదిది. బోల్టు మంచిగ మూసుకోవాలని చేసిన పని.”

బుర్హానుద్దీన్ మూడో వేలు మడిచాడు.

“ఇగ సొట్టలు. జిడ్డు తెలువని చేతితోటి రాసిండ్రు. హన్మాండ్లు డబ్బా అతని జేబుల ఉండె, షెడ్డుల జిడ్డే లేదు. అందుకని ఆ మనిషి తన దగ్గర ఉన్న నూనె రాసిండు. పని తెలిసినోడైతే చివర్ల తుడుస్తడు. ఈయన తుడువలే.”

అగ్గిపెట్టె తీసి దూది అందరికీ చూపించాడు. ముజఫ్ఫర్ అలీ వాసన చూసి తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. జియావుద్దీన్ చూసి, ఏదో తలనూనె, నాకెందుకు ఆ అవసరం అన్నాడు. ఇంకో సందర్భమైతే ఎవరైనా నవ్వేవారు. దూది మెహర్ సుల్తానా చేతికి వచ్చింది. అప్పుడు, ఆసుపత్రి మందుల వాసన మధ్య, ఆమె కొంగులోంచి వస్తున్న నూనె వాసన పోశన్నకు తగిలింది. షెడ్డులో పట్టుబడని వాసన ఏదో అతనికి అర్థమైంది.

ఆమెకూ అర్థమైంది. దూది ముక్కు దగ్గర అలాగే పట్టుకుని ఉండిపోయింది. ప్రెస్సు ముట్టుకున్నవాణ్ణి ఇంటికి పంపిస్తానన్న కఫీల్ మాట ఆమెకు తెలుసు. పంపిస్తే ఈ మంచం, ఈ డాక్టర్లు, ఆ కన్ను ఏమీ ఉండవు. ఒక్కసారి తలుపు వైపు చూసింది. హన్మాండ్లు రెండు రకాల చెప్పులతో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. బుర్హానుద్దీన్ ఏమీ అడగలేదు. ఆమె అబద్ధం చెప్పినా ఎవరూ కాదనలేరని పోశన్నకు తెలుసు. నూనె మీద పేరు రాసి ఉండదు.

“గోరింటాకు మాడింది,” అంది మెహర్ సుల్తానా. “కలోంజీ, అదే నల్లజీలకర్ర, ఏసి కాస్తుంటే ఎవరో తలుపు కొట్టిండ్రు, పోయి వచ్చేలోపల ఆకు మాడింది. పారబోయబుద్ధి కాలె. ఈ మాడు నా చేతిది. ఇంకెవలింట్ల ఉండదు.” కాస్త ఆగి, “బుధవారం ఈయన ఇంట్ల లేడు,” అంది.

“మెహర్, ఇగ చాలు.” నిసార్ అహ్మద్ చెయ్యి గాలిలో వెతుక్కుంటూ ఆమె మోకాలిని పట్టుకుంది. “నేనే పోయిన. పోటీ దగ్గరికొచ్చె, బోల్టు మూసుకోకపాయె. వాని మాట వినబుద్ధి కాలె. ముజఫ్ఫర్ దగ్గర తాళంచెవి తీసుకుని పోయి డై దింపిన. పాత ఖోకాలు నొక్కి నేనే నింపుకున్న. బోల్టు వెన్నలెక్క మూసుకుంటె గెలిచిన అనుకున్న. పేలినంక భయమైంది. ఇంటికి పంపిస్తె ఈ కన్ను ఎవలు చూస్తరు అనుకున్న.”

ముజఫ్ఫర్ అలీ నేల చూపులు చూస్తూ, తాళంచెవి ఇచ్చింది నిజమేనని, తన కొలువు పోతుందని నోరు మూసుకున్నానని ఒప్పుకున్నాడు. మరొకడు జైలుకు పోతాడన్నది అతని లెక్కలోకి రాలేదు కాబోలు. బుర్హానుద్దీన్ అతన్ని నర్సు బల్ల దగ్గరి ఫోన్ దాకా నడిపించుకు వెళ్ళి, కఫీల్‌కు అతని నోటితోనే చెప్పించాడు. తర్వాత రిసీవర్ తాను తీసుకుని అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. బతిమాలడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు బతిమాలాడని పోశన్న గొంతును బట్టి గ్రహించాడు. హన్మాండ్లు మీద ఏ కేసూ లేదు. నిసార్ అహ్మద్ కట్లు విప్పేదాకా ఉండొచ్చు, ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత అని జవాబొచ్చింది. అంతకంటే ఎక్కువ ఆయనా సాధించలేకపోయాడు.

ఆ మాట వినగానే హన్మాండ్లు తలుపు దగ్గరే గోడకానుకుని కూర్చున్నాడు. పోశన్న పక్కన కూర్చుని అతని తల తన భుజానికి ఆనించుకున్నాడు. నిన్ను అనుమానించానురా అని చెబుదామనుకున్నాడు. దాని బదులు అతని వీపు నిమిరాడు. పిసినారి అన్నందుకైనా క్షమాపణ చెప్పుకోవలసింది. ఆ డబ్బాను అతను వెంట మోయకుండా షెడ్డులోనే వదిలేసి ఉంటే, ఆ రోజు నిసార్‌కు తలనూనె అవసరమే పడేది కాదు, ఇవాళ ఆ వాసన పట్టుకుని నోరు విప్పేవాళ్ళూ ఉండేవారు కాదు.

“హన్మాండ్లు ఉన్నడా?” మంచం మీంచి నిసార్ అహ్మద్ అడిగాడు.

హన్మాండ్లు లేచి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. పోశన్న మళ్ళీ భయపడ్డాడు, ఈ కోపిష్టివాడు ఇప్పుడేమంటాడోనని.

“ఛాంబర్ తుడువుమని నువ్వు చెప్పినవ్. మాఫ్ చెయ్యి.”

హన్మాండ్లు ఆ కట్ల వంక చూశాడు.

“కట్లు ఎప్పుడు ఇప్పుతరు ఆపా?” అని మెహర్ సుల్తానాను అక్క వరస పెట్టి అడిగాడు.

“వచ్చే శనివారం అన్నరు.”

“ఆ దినం నేను వస్త,” అన్నాడు హన్మాండ్లు. ఆమె కళ్ళు తుడుచుకుని, స్టూలు కాస్త జరిపి అతనికి చోటిచ్చింది.